ఫారడే ప్రయోగం పిల్లలకు స్పష్టంగా చూపించడం ఎలా?

అందరికీ నమస్కారం. నేను ఒంగోలులో బీఎస్సీ ఫిజిక్స్ ఫైనలియర్. సింగరాయకొండ దగ్గర మా ఊరి హైస్కూలు పిల్లలకు, అయస్కాంతం కాంతిని కూడా మారుస్తుందని కళ్లారా చూపించాలని నా ఆశ. 1845లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సంగతే ఇది: ధ్రువిత కాంతి (ఒకే తలంలో కంపించే కాంతి) వెళ్లే దిశలోనే అయస్కాంత క్షేత్రం ఉంటే, గాజు, నీళ్లలాంటి వాటిలో ఆ కాంతి ధ్రువణ తలం (అది కంపించే తలం) కొంచెం తిరుగుతుంది.

నా దగ్గర ఎర్ర లేజర్, రెండు పోలరాయిడ్ షీట్లు (ఒకే తలంలో కంపించే కాంతిని మాత్రమే వదిలేవి), రాగి తీగ కాయిల్, అందులో నీళ్లు నింపిన 10 సెం.మీ. గాజు గొట్టం ఉన్నాయి. 0.05 టెస్లా (అయస్కాంత క్షేత్రం కొలత) క్షేత్రానికి ఆ తలం తిరిగేది ఒక డిగ్రీ లోపే. పోలరాయిడ్లు 90 డిగ్రీల్లో ఉంటే ఒక డిగ్రీకి దాటి వచ్చే వెలుగు పదివేలలో మూడు వంతులు, కంటికి ఆనదు. 45 దగ్గర పెడితే మూడున్నర శాతం మారుతుంది కాబట్టి ఫోటోడయోడ్ (వెలుగును కరెంటుగా మార్చి కొలిచేది) పెట్టాను. కానీ కాయిల్ వేడెక్కి రీడింగ్ నిలవడం లేదు, అదే టెన్షన్.

డీసీ మానేసి ట్రాన్స్‌ఫార్మర్‌తో 50 హెర్ట్జ్ ఏసీ ఇస్తే నయమా? ట్యూబ్‌లైట్ వెలుగు కూడా అందులో కలుస్తుందేమో! సీసం ఎక్కువున్న ఫ్లింట్ గాజు కడ్డీ చెన్నైలో సెకండ్‌హ్యాండ్‌గా దొరుకుతుందా?

ఇంకొకటి. పంచదార నీళ్లు కూడా అయస్కాంతం లేకుండానే ధ్రువణ తలాన్ని తిప్పుతాయి; కానీ అద్దంతో కాంతిని వెనక్కి పంపితే వాటిలో తిరిగినదంతా రద్దవుతుంది, ఫారడే ప్రయోగంలో మాత్రం రెట్టింపవుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఇది చేసి చూసినవాళ్లుంటే అద్దం ఎలా అమర్చారో దయచేసి చెప్పండి.