‘అస్త్రసన్యాసం’: గెలిచినవాడికి ఈ మాట నప్పుతుందా?

ప్రూఫుల పురుగు:
సభ్యులకు నమస్కారం. పిల్లల పత్రికకు మధ్య అమెరికా దేశం కోస్టారికా మీద రెండు పేజీల వ్యాసం రాస్తున్నాను. 1948లో అక్కడ 44 రోజుల అంతర్యుద్ధం జరిగింది. గెలిచిన పక్షం నాయకుడు హోసే ఫిగెరెస్. ఆ ఏడాది డిసెంబర్ 1న ఆయన రాజధాని సాన్ హోసేలోని బెయావిస్తా సైనిక స్థావరానికి వెళ్లి, సమ్మెట అందుకుని గోడ మీద ఒక్క దెబ్బ వేశాడు. ఇక ఈ దేశానికి సైన్యం లేదన్నాడు. ఆ కోట మ్యూజియం అయింది. మరుసటి ఏడాది రాజ్యాంగం 12వ అధికరణంలో ఆ మాట ఎక్కింది. ఇదంతా చెప్పి, చివర “కోస్టారికా అస్త్రసన్యాసం చేసింది” అని ముగించాను. చదివిన మా అమ్మాయి “అయితే ఓడిపోయారా నాన్నా?” అంది. అప్పటి నుంచి కలం ముందుకు సాగడం లేదు. మాట మార్చాలా, అమ్మాయికి సర్దిచెప్పాలా?

పాత పంతులు:
మాటే మార్చండి, అమ్మాయి సరిగ్గా పట్టుకుంది. ముందు వ్యుత్పత్తి చూద్దాం, ముచ్చటగా ఉంటుంది. సంస్కృతంలో ‘అస్’ అనే ధాతువుకు విసరడం అని ఒక అర్థం. విసిరేది అస్త్రం. అదే ధాతువుకు ‘ని’ చేరిస్తే న్యాసం, అంటే కింద పెట్టడం. ‘సం’ కూడా చేరితే పూర్తిగా కింద పెట్టేయడం. విసిరేదీ, దించేదీ ఒకే వేరు నుంచి పుట్టాయన్నమాట. చేత్తో పట్టుకుని నరికేది శస్త్రం, అది వేరే ధాతువు.

కానీ మాటకు నిఘంటువులో ఉన్న అర్థం ఒకటి, జనం నోట్లో ఉన్న కథ ఒకటి. అస్త్రసన్యాసం అనగానే మనకు కనిపించేది ద్రోణుడు. ఏనుగు పేరు చెప్పి కొడుకు చచ్చాడని నమ్మించారు. ఆయన ఆయుధాలు వదిలి రథం మీద యోగంలో కూర్చున్నాడు. ధృష్టద్యుమ్నుడు వచ్చి తల నరికాడు. మోసపోయినవాడు, మనసు విరిగినవాడు, ఆ వెంటనే చచ్చినవాడు. ఇన్ని నీడలున్న మాటను, గెలిచి కత్తి దించినవాడికి ఎలా తగిలిస్తారు? పైగా పత్రికలవాళ్లు దాన్ని ఇంకా దిగజార్చారు. నామినేషన్ ఉపసంహరించుకుంటే అస్త్రసన్యాసం, మ్యాచ్‌లో చేతులెత్తేస్తే అస్త్రసన్యాసం.

అడ్డుపుల్ల:
పంతులుగారూ, నాది ఇంకో అభ్యంతరం. ‘సన్యాసం’ కూడా తప్పే. సన్యాసి మళ్లీ సంసారంలోకి రాకూడదు. ఆ 12వ అధికరణం నిషేధించింది సైన్యాన్ని శాశ్వత సంస్థగా ఉంచుకోవడాన్ని మాత్రమే. ఖండంలోని దేశాల ఒప్పందం మేరకు గానీ, దేశరక్షణకు గానీ మళ్లీ బలగాలను సమకూర్చుకోవచ్చని అందులోనే ఉంది. దీన్ని మహా అయితే వానప్రస్థం అనవచ్చు. పోలీసులకు తుపాకులు కూడా ఉన్నాయి. ఫిగెరెస్‌ను మరీ ఋషిని చేయకండి. ఓడిపోయిన సైన్యం రేపు తన మీదే తిరగబడకుండా చూసుకున్నాడు, కమ్యూనిస్టు పార్టీని నిషేధించాడు కూడా. పిల్లలకు ఆ సంగతీ చెప్పాలి.

సముద్రం అవతల:
నేను ఆ మ్యూజియం చూశానండీ. లోపలికి వెళ్లేటప్పుడు సీతాకోకచిలుకల తోట. అది దాటి పైకి వస్తే కోట బురుజు, దాని గోడ నిండా 1948 నాటి తూటాల గుంటలు. సున్నం కొట్టి పూడ్చలేదు. నా వేలు సగం దాకా దిగింది ఒకదానిలో. ముంగిట్లో ప్రాచీన కాలపు గుండ్రటి రాతి గోళాలు. ఆయుధాల కోట అన్న గుర్తు పోలేదు, ఆయుధాలు మాత్రం లేవు.

అడ్డుపుల్లగారు చెప్పింది నిజమే గానీ, ద్రోణుడి కథలో ఒక ముక్క ఇక్కడా జరిగింది. సైన్యం లేదన్న నెలలోనే పొరుగు దేశం నికరాగ్వా వైపు నుంచి ఫిగెరెస్ ప్రత్యర్థులు సాయుధులై వచ్చి పడ్డారు. 1955లో మళ్లీ వచ్చారు. రెండుసార్లూ కోస్టారికా అమెరికా ఖండ దేశాల సంస్థ తలుపు తట్టింది. రెండోసారి అమెరికా నాలుగు యుద్ధ విమానాలను ఒక్కొక్కటి ఒక్క డాలరుకు ఇచ్చింది. ధృష్టద్యుమ్నుడు రానే వచ్చాడు, ఈసారి సభ ఊరుకోలేదు. పది మందితో కలిసి రాసుకున్న ఒప్పందం ఉండబట్టే కత్తి దించడం కుదిరింది. వ్యాసంలో ఈ సంగతి లేకపోతే ‘సన్యాసం’ ఉన్నా లేకపోయినా ఒకటే.

అడ్డుపుల్ల:
డాలరు విమానాల సంగతి నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను, కానీ అలవాటు కొద్దీ అడుగుతున్నాను: సైన్యం లేని దేశానికి యుద్ధ విమానాలు ఎవరు నడిపారు?

ప్రూఫుల పురుగు:
అది ఇంకో చర్చ పెట్టుకుందాం! నాకు మాట కావాలి. ఆ 12వ అధికరణం స్పానిష్ మూలంలో క్రియ ‘ప్రోస్క్రిబీర్’. నిషేధించడం, బహిష్కరించడం. ‘సైన్యాన్ని వెలివేశారు’ అంటే ఎలా ఉంటుంది?

పాత పంతులు:
వద్దు. వెలి అన్న మాట మన ఊళ్లలో ఎవరి మీద పడిందో మనకు తెలుసు. ఆ గాయం ఇంకా మానలేదు. పైగా రోమ్‌లో ఆ మాట చంపదగినవాళ్ల పేర్ల జాబితాకు వాడేవారు. రెండు వైపులా నెత్తురే.

‘నిరాయుధీకరణ’ సరైన మాటే, కానీ పిల్లవాడు దాన్ని పలికేలోపు యుద్ధం అయిపోతుంది. గెలిచాక మారినవాడి భాష కావాలంటే మన దగ్గరే ఎర్రగుడి శిలల మీద ఉంది. కళింగం గెలిచాక అశోకుడు ‘ధమ్మవిజయం’ అన్నాడు, భేరీఘోషం ధమ్మఘోషం అయిందన్నాడు. సైన్యాన్ని మాత్రం వదల్లేదు, ధమ్మవిజయం అన్న శాసనంలోనే అడవి జాతుల్ని హెచ్చరించాడు కూడా. అందుకని ఆ మాటా ఇక్కడ అతకదు.

సముద్రం అవతల:
ఇంత దూరం ఎందుకండీ? కర్ఫ్యూ ఎత్తివేశారు, సుంకం ఎత్తివేశారు అంటాం. “సైన్యాన్ని ఎత్తివేశారు” అంటే సరిపోదా? ఓటమి వాసన లేదు, పురాణం లేదు.

పాత పంతులు:
అబ్బ! ఎదురుగా పెట్టుకుని వెతుకుతున్నాం. ఇంకోటి గమనించారా? సైన్యానికి మన మాట దండు. దండు, ఎత్తు కలిస్తే దండెత్తు. పక్క దేశం మీద పడడానికీ ‘ఎత్తు’, ఉన్న దండును తీసేయడానికీ ‘ఎత్తు’. వెనక ‘వేయు’ ఒక్కటి చేరింది, అంతే.

ప్రూఫుల పురుగు:
‘దండెత్తని దేశం, దండునే ఎత్తివేసిన దేశం’ అని శీర్షిక పెట్టి అమ్మాయికి చూపించాను. “దండు అంటే?” అంది. సైన్యం అన్నాను. “మరి సైన్యం అనే రాయొచ్చుగా” అంది. ప్రస్తుతం శీర్షిక ‘సైన్యాన్ని ఎత్తివేసిన దేశం’. దండు లోపలి పేజీలో, రెండో పేరాలో ఉంది. తూటాల గుంటల సంగతి కూడా చేర్చాను, వేలితో సహా.