సగం కరెంటు సామర్థ్యం బొగ్గు లేకుండానే వచ్చిందట. మరి దేశం మాట నిలబెట్టుకున్నట్టేనా?

బల్లార్షా బిడ్డ:
2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో మన దేశం ఇచ్చిన మాటల్లో రెండు పెద్దవి. 2030 కల్లా బొగ్గు, గ్యాస్, చమురు అక్కరలేని విద్యుత్ సామర్థ్యాన్ని 500 గిగావాట్లకు (ఒక గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు) పెంచుతామన్నారు. 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామన్నారు, అంటే గాలిలోకి వదిలినంత కర్బనాన్ని తిరిగి తీసేసేలా. 2022లో ఐక్యరాజ్య సమితికి ఇంకో మాట రాసిచ్చారు: 2030 నాటికి మొత్తం స్థాపిత సామర్థ్యంలో, అంటే దేశంలోని కేంద్రాలన్నీ కలిసి గరిష్ఠంగా ఇవ్వగల కరెంటులో, సగం అలాంటిదే ఉంటుందని. ఆ సగం 2025లోనే వచ్చేసింది.

ఇది చిన్న సంగతి కాదు. అయినా "మాట నిలబెట్టుకున్నాం" అని నాకు నోరు రావడం లేదు. మా బాపు నలభై ఏళ్ల కింద మంచిర్యాల వైపు నుంచి ఇక్కడికి, మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని బల్లార్షాకు, బొగ్గు బాయి పనికి వచ్చాడు. అప్పుడు మా ఇంటి వెనక పత్తి, జొన్న చేలు. ఇప్పుడు ఓబీ గుట్టలు, అంటే బొగ్గు కోసం తవ్వి పోసిన మట్టి, రాళ్ల కుప్పలు. దగ్గర్లోని గనిలో బ్లాస్టింగ్ అయినప్పుడల్లా మా గోడ బీట ఇంకాస్త విచ్చుకుంటుంది. మంచినీళ్ల బావి ఎండిపోయింది. ఆ సగం మా ఊరికి ఏం తెచ్చిందో మీరే చెప్పండి.

లెక్కల సారు, చంద్రపూర్:
తమ్ముడూ, నీ బాధ కాదనను. కానీ దేశాన్ని ఒక్క ఇంటి గోడతో కొలవొద్దు. మన దేశంలో తలసరి కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి రెండు టన్నుల చిల్లర. అమెరికాలో దాదాపు పద్నాలుగు. ఇంత తక్కువ వదిలేవాళ్లం మాట ఇచ్చి, గడువుకు ముందే చేసి చూపించాం. 2024 మే 30న దేశంలో కరెంటు డిమాండ్ 250 గిగావాట్లు తాకింది. పొద్దుగూకితే సోలార్ ఉండదు, బ్యాటరీలు ఇంకా సరిపడా లేవు. చంద్రపూర్ థర్మల్ కేంద్రం ఒక్కటే 2,920 మెగావాట్లు. దాన్ని ఆపి, మే నెల రాత్రి ఇక్కడ కూలర్ లేకుండా పసిపిల్లను పడుకోబెట్టగలమా?

బల్లార్షా బిడ్డ:
సార్, ఆపమని నేను అనలేదు. సామర్థ్యం వేరు, తయారయ్యే కరెంటు వేరు అంటున్నా. సోలార్ ప్లేటు పనిచేసేది ఎండ ఉన్న కొన్ని గంటలే. అందుకే యూనిట్లు లెక్కపెడితే 2024-25లో కూడా 70 శాతానికి పైగా బొగ్గుదే. ఆ ఏడాదే దేశం తవ్విన బొగ్గు మొదటిసారి 100 కోట్ల టన్నులు దాటింది. "సగం" అనే మాట వినగానే బొగ్గు సగానికి తగ్గిందని మా గల్లీలో అందరూ అనుకున్నారు.

షిఫ్ట్ డ్యూటీ:
నేను కాంట్రాక్టు కింద టిప్పర్ నడుపుతా. బొగ్గు తగ్గుతుందన్నప్పుడల్లా నాకు టెన్షన్. పర్మినెంట్ వాళ్లకు పెన్షన్ ఉంది, క్వార్టర్ ఉంది. నాకు ఈ నెల జీతం తప్ప ఏమీ లేదు. సోలార్ పార్కులు చూస్తే భడ్లా రాజస్థాన్‌లో, ఖావ్డా గుజరాత్‌లో, పావగడ కర్ణాటకలో. మన దగ్గర తవ్వి, అక్కడ పని ఇస్తే నేను పిల్లల్ని తీసుకుని ఖావ్డా పోవాలా? సింగరేణి వాళ్లు రామగుండం, మందమర్రి, మణుగూరుల్లో తమ భూముల్లోనే సోలార్ పెట్టారు. ఇక్కడ తవ్వేసిన నేలల మీద ఎందుకు పెట్టరు? పనిలో మాకు ముందు చోటు ఇస్తామని రాసివ్వండి. ఆ రోజు సోలార్‌కు మొదట చప్పట్లు కొట్టేది నేనే.

సిరొంచ అక్క:
అందరూ కరెంటు గురించే మాట్లాడుతున్నారు, ఊపిరి సంగతో? థర్మల్ కేంద్రాల పొగలోంచి సల్ఫర్ డయాక్సైడ్ తగ్గించే యంత్రాలు పెట్టాలని 2015 డిసెంబరులో కేంద్రం నియమం తెచ్చింది. మొదటి గడువు 2017. దాన్ని మళ్లీ మళ్లీ జరిపారు. చివరికి 2025 జులైలో చాలా కేంద్రాలకు అసలు ఆ యంత్రమే అక్కర్లేదన్నారు. కాలుష్యం బాగా ఎక్కువున్న ప్రాంతాల పక్కన ఉన్నవాటి సంగతి ఒక్కొక్కటిగా చూసి తేలుస్తారట. మన బొగ్గులో సల్ఫర్ తక్కువనీ, యంత్రాల ఖర్చు ఎక్కువనీ వాదన. లోకానికి ఇచ్చిన మాట ఐదేళ్లు ముందే అయింది. మనకిచ్చిన మాట ఎనిమిదేళ్లు జరిపి వదిలేశారు. మా చెల్లె కొడుకు చంద్రపూర్‌లో చదువుతున్నాడు, సంచిలో ఇన్‌హేలర్ లేకుండా బడికి పోడు.

రాజురా రైతు:
నాకు కోపం వచ్చే సంగతి ఇంకోటి. 2010లో టన్ను బొగ్గుకు 50 రూపాయల సెస్సు (ప్రత్యేక పన్ను) పెట్టారు, పేరే స్వచ్ఛ ఇంధన సెస్సు. 2016కి అది 400 అయింది. 2017లో జీఎస్టీ రాగానే దాన్ని రాష్ట్రాల నష్టపరిహారం కింద కలిపేశారు. పేరు మారింది, పని మారింది. మా పొలం కింద బొగ్గు మీద వసూలైన డబ్బు మా ఊరి మార్పుకు కాకుండా పన్నుల లోటు పూడ్చడానికి పోయింది. సారూ, దీనికి మీ లెక్క ఏమిటి?

లెక్కల సారు, చంద్రపూర్:
ఈ ఒక్కదానికి నా దగ్గర జవాబు లేదు. అది తప్పే. సామర్థ్యం విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

బల్లార్షా బిడ్డ:
మార్చుకోవద్దు సార్. నేను అడిగేది ఒక్కటే: ఈ మాటను కొలిచేటప్పుడు బొగ్గు తవ్విన ఊరిని కూడా లెక్కలో వేయాలి. గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసం జిల్లా ఖనిజ నిధి 2015 నుంచి ఉంది. పాత లీజు గనులైతే, ప్రభుత్వానికి కట్టే రాయల్టీలో 30 శాతానికి సమానమైన డబ్బు అందులో పడాలి. తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం ఆ డబ్బుకు ముందు వరుస. వచ్చే గ్రామసభలో మా ఊరి బావి, దవాఖాన, టిప్పర్ డ్రైవర్ల శిక్షణ గురించి రాసి అడుగుతా. కాగితాలన్నీ మరాఠీలో ఉంటాయి. బాపు వయసు వాళ్లకు చదవడం రాదు. మరాఠీ బాగా రాసేవాళ్లు ఎవరైనా తోడొస్తారా?

సిరొంచ అక్క:
మరాఠీ నేను రాస్తా తమ్ముడూ. ఇన్‌హేలర్ సంగతి కూడా అందులో వేద్దాం.

లెక్కల సారు, చంద్రపూర్:
నిధి ఖర్చుల పట్టికలు నేను చూసి పెడతా. తేదీ చెప్పు.