సిగ్గు విడవడమా, తలెత్తుకోవడమా?

అమెరికా పడమటి రాష్ట్రాల్లో పశువుల క్షేత్రాలపై కూలికి పనిచేసే ఇద్దరు కౌబాయ్‌ల ప్రేమకథను తెలుగు చేస్తున్న మిత్రులు ఈ చర్చలో ఒక ప్రశ్న వేశారు. మరొక మగవాణ్ణి ప్రేమించినందుకు ఏళ్ల తరబడి తనను తాను అసహ్యించుకున్న కథానాయకుడు చివరికి ఆ బాధ నుంచి బయటపడతాడు. ఆ ఘట్టంలో ‘అతడు సిగ్గును జయించాడు’ అని రాయవచ్చునా అన్నది వారి సందేహం. రాయకూడదన్నది నా అభిప్రాయం. కారణాలు కొంచెం విస్తరించి చెబుతాను, ఎందుకంటే ఆ ఒక్క వాక్యం తప్పితే కథ మొత్తం తప్పుదారి పడుతుంది.

తెలుగులో సిగ్గును ఎవరూ జయించరు. విడుస్తారు, మాలుతారు, లేదా ‘సిగ్గూ శరమూ లేకుండా’ తిరుగుతారు, ఇవన్నీ తిట్లే. చేబదులు అడిగేవాడు సైతం ‘సిగ్గు విడిచి అడుగుతున్నాను’ అన్నప్పుడు తన గౌరవాన్ని కాస్త తగ్గించుకునే ఆ మాట అంటాడు. సంస్కృతంలో ‘ఆహారే వ్యవహారే చ త్యక్తలజ్జః సుఖీ భవేత్’ (తిండి దగ్గరా వ్యవహారం దగ్గరా సిగ్గు విడిచినవాడు సుఖపడతాడు) అన్న శ్లోకభాగం ఉన్నది కదా అని ఒకరు గుర్తు చేశారు. నిజమే, కాని ఆ శ్లోకం ధనధాన్యాల లావాదేవీలు, విద్య, తిండి, వ్యవహారం వీటి వరకే అనుమతి ఇస్తుంది; ప్రేమ ఆ జాబితాలో లేదు. పైగా మన పెద్దలు దానిని నోటిమాటగా చెప్పేటప్పుడు ‘ఆహారం దగ్గరా వ్యవహారం దగ్గరా మొహమాటం పనికిరాదు’ అనే ఎక్కువగా అంటారు, సిగ్గు పనికిరాదు అనడం తక్కువ. అక్కడ కూడా సిగ్గును వదులుకోవడానికి మన భాష అంత తేలికగా ఒప్పుకోలేదన్నమాట. అందువల్ల ‘సిగ్గును జయించాడు’ అన్న వాక్యం తెలుగు పాఠకుడి చెవిలో ‘బరితెగించాడు’ అన్న ధ్వనితోనే పడుతుంది. కథ చెప్పదలచినదానికి అది సరిగ్గా వ్యతిరేకం.

ఇంతకూ ఆ మనిషిని పీడిస్తున్నది ఏమిటో, మిత్రులు ఇక్కడ పెట్టిన పేజీలోనే ఉన్నది. దాణా దుకాణంలో యజమాని ‘పెళ్లెప్పుడు?’ అని మామూలుగానే అడుగుతాడు. అతడు టోపీ అంచును కనుబొమల మీదికి లాక్కుని, అప్పటికే లెక్కపెట్టిన నోట్లను మళ్లీ లెక్కపెడతాడు. అది సిగ్గు కాదు. దానికి తెలుగులో ‘ముఖం చెల్లకపోవడం’ అన్న చక్కటి పలుకుబడి ఉన్నది. చెల్లని కాసు, చెల్లని చీటీ అనడానికి వాడే క్రియనే ముఖానికీ వాడుకున్నాము. కాసు చెల్లకపోవడం కాసు తప్పు కాదు, దానిని పుచ్చుకోనివారు పెట్టిన నియమం. ఆ చిన్న క్రియలోనే కథాసారం చాలా వరకు ఇమిడి ఉన్నది: అతడి ముఖంలో లోపం లేదు, ఆ ఊళ్లో అది చెల్లదు.

తండ్రి మాటకు ‘తలవంపులు’ సరిపోతుంది. ‘మా ఇంటికి తలవంపులు తెచ్చావు’ అని ఆ ముసలాయన చేత అనిపిస్తే, మూలంలోని పదునంతా ఒక్క ముక్కలో దిగుతుంది. ఈ పదం ఎక్కువగా ‘తెచ్చుట’తో నడుస్తుంది. తెచ్చినవాడు ఒకడు, తల వంచుకోవలసి వచ్చిందని ఫిర్యాదు చేసేవారు వేరొకరు. తండ్రి మోయలేక కొడుకు నెత్తిన పెట్టిన బరువు అది. దానిని కొడుకు తనదే అనుకుని ఇరవై ఏళ్లు మోశాడు. ‘నామోషీ’ కూడా ఇక్కడ వాడవచ్చు గాని, అది నలుగురిలో చిన్నతనం అన్నంత వరకే వెళుతుంది, ఇంత లోతుకు దిగదు.

మరొక హెచ్చరిక కూడా చేయాలి. మూలంలో ‘షేమ్’ అని ఉన్న ప్రతి చోటా సిగ్గు గురించో అవమానం గురించో రాసుకుంటూ పోవద్దు, ఎందుకంటే కొన్ని చోట్ల అది శుద్ధమైన భయం. కథ వ్యోమింగ్ రాష్ట్రంలో నడుస్తున్నది. అక్కడి లారమీ పట్టణ శివార్లలో 1998 అక్టోబరులో మాథ్యూ షెపర్డ్ అనే ఇరవై ఒక్క ఏళ్ల విద్యార్థిని కొట్టి, కంచెకు కట్టి వదిలేశారు. కొన్ని రోజులకు అతడు ఆస్పత్రిలో మరణించాడు. అటువంటి చోట ఒక గే యువకుడు తన మనసు దాచుకుంటే, దానికి ‘సిగ్గుపడ్డాడు’ అని రాయడం అతడికి అన్యాయం చేయడమే. రాత్రిపూట ఎవరిదో వాహనం తమ వెనకే వస్తున్నదని ఇద్దరూ మాట్లాడటం మానేసే సన్నివేశంలో నిస్సంకోచంగా ‘గుండె జారింది’ అనండి.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచిన విషయానికి వస్తాను. తెలుగులో సిగ్గు రెండు విధాలుగా బతుకుతున్నది. ఒకటి నిందకు సంబంధించినది, రెండవది వలపుకు సంబంధించినది. ఇష్టమైన మనిషి ఎదుట పడినప్పుడు బుగ్గలు ఎర్రబడి, మాట తడబడి, నవ్వు ఆపుకోలేకపోయే ఆ స్థితికి మనం మామూలుగా వాడే పేరు కూడా సిగ్గే. కథలో ఈ మనిషికి సంవత్సరాల తరబడి మొదటి సిగ్గు మాత్రమే దక్కింది, రెండవది దక్కలేదు. తాను ప్రేమిస్తున్నానని ఒప్పుకున్న తరువాతనే, ఈనబోతున్న ఆవుకు దూడ అడ్డం తిరిగి, తెల్లవారుజాము దాకా ఇద్దరూ మోచేతుల వరకు నెత్తురుతో, ఉమ్మనీటితో కష్టపడి దూడను బయటికి లాగిన తరువాత, రెండవవాడు అతడి చెంపకు అంటిన గడ్డిపరకను తీసినప్పుడు అతడు తల తిప్పుకుని నవ్వుతాడు. మిత్రులు దీనిని ‘ఇబ్బందిపడి నవ్వాడు’ అని తెలుగు చేశారు. అక్కడే, అక్కడ మాత్రమే, ‘సిగ్గుపడ్డాడు’ అని రాయండి. తెలుగులో ఈ కథ సిగ్గు పోయిన కథ కాదు, సిగ్గు వచ్చిన కథ. అంతకు ముందు ఎక్కడా ఆ పదం వాడకుండా కాపాడుకుంటే, ఆ చోట దాని వెలుగే వేరు.

మగవాడికి, అందులోనూ కౌబాయ్‌కి, ఆ మాట నప్పదని ఒక సభ్యురాలు అభ్యంతరం చెప్పారు. ‘ఆడపిల్లలా సిగ్గుపడతావేమిటి’ అన్న ఎగతాళి మన ఇళ్లలో ఉన్నందువల్ల ఆ సందేహం సహజమే. 1971లో కృష్ణ గారి చిత్రంతో మన తెరకెక్కిన కౌబాయ్ తుపాకీ పట్టినవాడు గనుక, కౌబాయ్ అనగానే మనకు ఆ మొండితనమే గుర్తుకు వస్తుంది. నిజానికి ఆ వృత్తి పసులకాపరిది: మంచులో మేత చల్లడం, ముళ్లకంచె బిగించడం, దూడలకు వాతలు వేయడం. అందులో గే మగవాళ్లు ఉన్నారనీ, వాళ్లు ఆ పనిలో ఎవరికీ తీసిపోరనీ లోకానికి చూపడానికీ, సేవాకార్యాలకు డబ్బు పోగుచేయడానికీ నెవాడా రాష్ట్రంలోని రీనోలో 1976లో ఫిల్ రాగ్స్‌డేల్ మొదటి గే రోడియోను, అంటే గే కౌబాయ్‌ల స్వారీ పోటీలను, నడిపాడు. పోటీలకు పశువులను అద్దెకు ఇవ్వడానికి అక్కడి పశువుల యజమానులు వెనుకాడారు. ఆ తొలినాళ్లలో ఆంబోతుల మీద స్వారీ చేసినవారిలోనే కొందరు ఉద్యోగం పోతుందనో ఇంట్లో తెలుస్తుందనో మారుపేర్లతో బరిలోకి దిగేవారు. ఆంబోతు వీపు మీద నిలిచే ధైర్యం, సొంత పేరు చెప్పుకోలేని బాధ ఒకే మనిషిలో ఉండగలిగినప్పుడు, ఆ రెంటి పక్కన ప్రేమకు సంబంధించిన సిగ్గు మాత్రం ఎందుకు ఉండకూడదు? అది మగతనానికి తగ్గింపు అనుకోవడమే ఆ కథానాయకుడిని అంతకాలం కుమిలిపోయేలా చేసింది.

ఇక మొదట అడిగిన ‘జయించాడు’ అన్న ఆ వాక్యం సంగతికి వస్తాను. ‘ఆనాటి నుంచి అతడు తలెత్తుకు తిరిగాడు’ అంటే చాలు. తలవంపులకు మన భాష ఇచ్చిన సహజమైన విరుగుడు అదే, వివరణ అక్కరలేదు. ‘స్వలింగ సంపర్కుడు’ అన్న పదాన్ని మాత్రం కథనంలోకి రానివ్వకండి, అది పోలీసు కాగితాల మాట. ‘గే’ అంటే ఈనాడు పాఠకులందరికీ తెలుసు.

చివరగా పిలుపుల గురించి. ప్రేమ తెలిసిన తరువాత ఇద్దరి మధ్యా ‘ఏరా’, ‘పోరా’లలోని ‘రా’ను మీరు తీసేసి, మర్యాద కోసం ఉత్త ‘నువ్వు’గా మార్చారు. మార్చకండి. ఒకే గుడిసెలో పడుకుని, ఒకే పళ్లెంలో తిని, గుర్రాల గిట్టలు కలిసి శుభ్రం చేసిన మగవాళ్లు తెలుగులో ‘ఏరా’ అనే పిలుచుకుంటారు, అందులో చనువుకూ ప్రేమకూ మధ్య గోడ లేదు. ప్రేమ కలగగానే మాట మారిపోతే, అంతకు ముందున్న స్నేహం అబద్ధమని చెప్పినట్లు అవుతుంది. రెండవవాడు సామాను సర్దుకుంటున్న సన్నివేశంలో మీరు పెట్టిన ‘దయచేసి నన్ను విడిచి వెళ్లకు’ అన్నదానికి బదులు ‘ఉండిపోరా’ అనిపించండి.