ఎంగేజ్‌మెంట్ అయింది, తమ్ముడి లోన్ సంగతి అబ్బాయికి చెప్పాలా?

ఎంగేజ్‌మెంట్ అయి మూడు నెలలు. అబ్బాయి మంచివాడే, అరవడు, మాట తూలడు. మొన్న ఆదివారం ల్యాప్‌టాప్ తెరిచి పెళ్లయ్యాక ఖర్చుల షీట్ చూపించాడు. అద్దె, కారు వాయిదా, పొదుపు, అన్నీ ఉన్నాయి. పై వరసలో నా జీతం, ఆఖరి అంకెతో సహా. "మా అమ్మకి నెలనెలా పంపేది ఎక్కడ?" అన్నాను. "మీ తమ్ముడున్నాడుగా" అనేసి కింది గడిలోకి వెళ్లిపోయాడు.

ఆ తమ్ముడి లోన్‌కి ష్యూరిటీ సంతకం నాదే. రెండు నెలలుగా వాడు కట్టట్లేదు, నేనే కడుతున్నాను. షీట్ సంగతి చెప్తే అమ్మ ముందు అడిగింది ఒక్కటే: "లోన్ గురించి నోరు జారలేదు కదా?" పెళ్లయ్యాక మెల్లగా చెప్పుకోవచ్చట.

కోపం ఎవరి మీదో కూడా తెలియట్లేదు. అటూ ఇటూ లెక్క నా జీతం మీదే. వేలు ఉబ్బిందని చెప్పి రాత్రిళ్లు ఉంగరం తీసి సబ్బుపెట్టె పక్కన పెడుతున్నాను. పెళ్లి వద్దనాలని లేదు, ఇలా చేసుకోవాలనీ లేదు.

జవాబు 1:
చెప్పెయ్ తల్లీ. ష్యూరిటీ అంటే మాటసాయం అనుకుంటారు చాలామంది. వాడు కట్టకపోతే బాకీ నీ మెడకే. అప్పిచ్చినవాళ్లు ఒప్పుకుని నీ పేరు తీస్తే తప్ప మధ్యలో తప్పుకోలేవు. రేపు మీరిద్దరూ ఇంటి లోన్‌కి వెళ్తే ఇది బయటపడొచ్చు, అప్పుడు దాచావన్నదే పెద్ద గొడవవుతుంది. నేను మా బావమరిదికి సంతకం పెట్టి నేర్చుకున్నా, అది వేరే కథ.

జవాబు 2:
లోన్ సరే, నాకు ఆ "మీ తమ్ముడున్నాడుగా" గుచ్చుకుంది. ఇంకోసారి అడుగు. మొదటిసారి ఎవరైనా నోటికొచ్చింది అనేస్తారు, రెండోసారి ఏమంటాడో చూడు. అమ్మ మీద మాత్రం విరుచుకుపడకు, సంబంధం ఎక్కడ చెడుతుందోనని ఆవిడ టెన్షన్ ఆవిడది.

జవాబు 3:
తేదీ జరపండి. హాలు అడ్వాన్సు పోతే పోయింది.

అడిగిన అమ్మాయి:
చెప్పాను. నిన్న సాయంత్రం, అదే షీట్ తెరిపించి. బాకీ ఎంతుందో, ఇంకా ఎన్నాళ్లో, నేను కట్టిన రెండు వాయిదాలూ, అన్నీ. చాలాసేపు మాట్లాడలేదు. "ముందే చెప్పొచ్చుగా" అన్నాడు. "నా జీతం రాసుకునేటప్పుడు నువ్వూ అడగొచ్చుగా" అన్నాను. కొత్త వరస చేర్చి "అత్తయ్యకి" అని టైప్ చేశాడు. అంకె మాత్రం వేయలేదు. తమ్ముడు ఫోనెత్తట్లేదు. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఉంగరం సబ్బుపెట్టె దగ్గరే ఉంది.