పోషకలోపం మూర్ఛ తెస్తుందా, మూర్ఛే బిడ్డను చిక్కిపోయేలా చేస్తుందా?

వార్డు_నోట్స్:
తిండి చాలకే మూర్ఛవ్యాధి అనేవాళ్ళు రెండు సంగతులు కలిపేస్తున్నారు. షుగరో కాల్షియమో పడిపోయి వచ్చే ఫిట్స్ మూర్ఛవ్యాధి కాదు. లోపం సరిచేస్తే ఆగుతాయి, ఏళ్ళ తరబడి మాత్రలు అక్కర్లేదు. అలాంటి తక్షణ కారణం లేకుండా, 24 గంటలకు మించిన ఎడంతో రెండుసార్లు వస్తే అప్పుడు ఆ పేరు పెట్టండి.

గ్లూకోమీటర్:
పేరు సంగతి తర్వాత చూద్దాం సార్. బాగా చిక్కిన బిడ్డకు ఫిట్స్ వస్తే ముందు షుగర్ చూడాలి. 54 (mg/dL) కన్నా తక్కువుంటే 10 శాతం గ్లూకోజ్ కిలోకు 5 మి.లీ. నరానికి ఇవ్వాలి. మీటర్ లేకపోతే తక్కువే అనుకోండి. 25 శాతందే ఉంటే 20 మి.లీ.కి 30 మి.లీ. స్టెరైల్ వాటర్ కలిపితే సరి. స్పృహ లేని బిడ్డ నోట్లో చక్కెరనీళ్ళు పోయొద్దు. తేరుకున్నాక రెండు గంటలకోసారి పాలు. రాత్రి పాలు ఎగ్గొడితే తెల్లారేసరికి షుగర్ మళ్ళీ పడిపోతుంది.

కాల్షియం ఎంత ఇచ్చినా పెరగకపోతే మెగ్నీషియం చూడండి. అది తక్కువైతే, రక్తంలో కాల్షియాన్ని పెంచే పారాథైరాయిడ్ హార్మోన్ సరిగా ఊరదు.

ఊరి_సర్వే:
ఇద్దరూ ఒకవైపే చూస్తున్నారు. ఆఫ్రికా దేశం బెనిన్ పల్లెల్లో చేసిన పోలిక అధ్యయనంలో (2007) మూర్ఛ ఉన్నవాళ్ళలో పోషకలోపం ఎక్కువని తేలింది. ఏది ముందొచ్చిందో అలాంటి అధ్యయనంతో తేలదు. పథ్యాల పేరుతో తిండి తగ్గించడం, టోపిరమేట్ అనే మూర్ఛ మందుతో ఆకలి చావడం కూడా లెక్కలోకి రావాలి కదా?

వార్డు_నోట్స్:
పథ్యం మాట నిజమే. కానీ మందుల మీద నింద వేస్తే జనం మాత్రలు ఆపేస్తారు, అసలు ప్రమాదం అదండీ.

సీరం_లెవెల్:
మందు కాదు, డోసు లెక్క తప్పు. ఫెనిటోయిన్ అనే మూర్ఛ మందు 90 శాతం రక్తంలోని ప్రొటీన్‌కు, ముఖ్యంగా ఆల్బుమిన్‌కు, అతుక్కుని ఉంటుంది. ఆల్బుమిన్ తగ్గితే, పనిచేసే మందు సరిపడా ఉన్నా మొత్తం లెవెల్ తక్కువగా కనిపిస్తుంది. ఆల్బుమిన్ 2 గ్రాములే (డెసిలీటరుకు) ఉన్న బిడ్డకు రక్తంలో మందు లెవెల్ 8 (మి.లీ.కి మైక్రోగ్రాములు) వచ్చిందనుకోండి. దాన్ని (0.2 × ఆల్బుమిన్ + 0.1)తో భాగిస్తే 16, అంటే సరిపడా ఉన్నట్టే. ఇది చూడకుండా డోసు పెంచితే తూలుడు, కళ్ళు అదరడం, వాంతులు. వాంతులయ్యే బిడ్డ ఇంకేం తింటుంది?

గ్లూకోమీటర్:
అయితే లెవెటిరాసిటమ్ అనే ఇంకో మూర్ఛ మందు మేలు కదా? ప్రొటీన్‌తో పనిలేదు.

సీరం_లెవెల్:
మేలే, కానీ అది కిడ్నీ ద్వారా పోతుంది. కండ లేని బిడ్డకు కిడ్నీ దెబ్బతిన్నా, కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష మామూలుగానే కనిపించొచ్చు, ఎందుకంటే అది కండ నుంచే వస్తుంది. ఆ ఒక్క అంకె నమ్మి డోసు వేయకండి.