దేవుడు లేడని తెలిసినా భయం మాత్రం పోవట్లేదు. ఏం చేయాలి?

పెన్నాతీరం:
దేవుడు లేడన్న నిర్ణయానికి చదివి, ఆలోచించి వచ్చినవాళ్ళని కూడా భయం ఒక పట్టాన వదలదు. గుడి ముందు నుంచి బండి మీద పోతుంటే చెయ్యి దానంతటదే గుండె మీదికి పోతుంది. పుస్తకానికి కాలు తగిలాక కళ్ళకద్దుకోకపోతే రోజంతా ఏదో గుచ్చుతూనే ఉంటుంది. గ్రహణం వేళ ముద్ద గొంతు దిగదు. నరకం కట్టుకథేనని పదిమందికి చెప్పగలిగిన మనిషి కూడా రాత్రి రెండింటికి మెలకువొస్తే 'ఒకవేళ ఉంటే?' అనుకుంటాడు.

వాదనలు వద్దు, అవన్నీ విన్నవే. ఈ భయం ఎందుకు మిగిలిపోతుంది, ఏం చేస్తే పోతుంది? ఇంకొకటి: ఇంట్లో ఆరేడేళ్ళ పిల్ల ఉండి, 'అబద్ధమాడితే కళ్ళు పోతాయి' అంటూ నాయనమ్మ పెంచుతుంటే తగువు లేకుండా ఎలా నెగ్గుకురావాలి? బడిలో ప్రార్థనల సంగతి తెలిసినవాళ్ళు కూడా చెప్పండి.

నిదానం:
ఈ భయం వాదనతో రాలేదు కాబట్టి వాదనతో పోదు. మూడేళ్ళప్పుడు 'చెంపలేసుకో, స్వామికి కోపమొస్తుంది' అన్నారు, వేసుకున్నాం, ఏమీ కాలేదు. చెంపలేసుకోబట్టే ఏమీ కాలేదని శరీరం లెక్క రాసుకుంది. వేసుకోకపోతే ఏమవుతుందో ఒక్కసారీ చూడనివ్వలేదు, కాబట్టి ఆ లెక్క తప్పని తేలే అవకాశమే రాలేదు. 1948లో స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఆకలిగా ఉన్న పావురాలకి, అవి ఏం చేసినా చేయకపోయినా, 15 సెకన్లకోసారి గింజలు అందేలా పెట్టాడు. ఎనిమిదింటిలో ఆరు తమకంటూ ఒక తంతు పెట్టుకున్నాయి. ఒకటి గుండ్రంగా తిరిగేది, ఒకటి తల ఊపేది. గింజలు రావడానికీ వాటి తంతుకీ ఏ సంబంధమూ లేదు.

ఇక చేయాల్సింది. నోటుబుక్కులో మీ భయాలు పది పన్నెండు రాసి, ఒక్కోదానికి 0 నుంచి 100 లోపు మార్కులు వేయండి. పిల్లి ఎదురొచ్చినా ఆగకుండా పోవడం 20 అనుకుందాం. పుస్తకానికి కాలు తగిలినా ఊరుకోవడం 30, గ్రహణంలో భోజనం 60, మొక్కుకున్నది తీర్చకుండా వదిలేయడం 90. ఎవరి అంకెలు వాళ్ళవి. 30 దగ్గర మొదలుపెట్టండి. పని చేసే ముందే ఏ కీడు, ఎవరికి, ఎన్నాళ్ళ లోపల జరుగుతుందని మీ భయం చెబుతోందో రాయండి. గడువు రాయకపోతే ఆరు నెలల తర్వాత వచ్చిన జలుబు కూడా స్వామి ఖాతాలోకే పోతుంది. తర్వాత కావాలనే పుస్తకానికి కాలు తగిలించి, దండం పెట్టకుండా అక్కడే కూర్చోండి. అయిదు నిమిషాలకోసారి అంకె వేయండి. సాధారణంగా అరగంట, ముప్పావుగంటలో దిగుతుంది. దిగకపోయినా నష్టం లేదు, రాసుకున్న కీడు రాలేదన్నదే అసలు పాఠం. రోజూ చేయండి, చోటు మార్చి చేయండి. అంకె 10కి చేరాక పై మెట్టుకి వెళ్ళండి.

ఎక్కడ చెడుతుందంటే, చెయ్యి కదలకపోయినా లోపల 'క్షమించు స్వామీ' అనుకుంటారు. అది చెంపలేసుకోవడమే, అభ్యాసం గంగపాలు. 'ఏమీ కాదు కదా?' అని భార్యనో స్నేహితుణ్ణో అడగడం కూడా అదే జాతి. ఇంకొందరు ఆవేశంగా 90 దగ్గర మొదలెట్టి, మధ్యలో బెదిరి మొక్కు తీర్చేసొస్తారు. భయం రెండింతలవుతుంది. గుడిలోకి చెప్పులతో పోవడం లాంటివి దీని కిందికి రావు, అది పక్కవాళ్ళతో పెట్టుకునే తగాదా.

నిజంగానే ఏదో కీడు జరిగితే? నాలుగు గళ్ళ పట్టిక గీయండి: దండం పెట్టిన రోజు కీడు, దండం పెట్టిన రోజు మామూలు, పెట్టని రోజు కీడు, పెట్టని రోజు మామూలు. మనకి గుర్తుండేది మూడో గడి ఒక్కటే. మిగతా మూడూ నింపితే భయానికి కాళ్ళాడవు.

ఈ ఆలోచనలూ తంతులూ రోజుకి గంటకి మించి తినేస్తుంటే, నిద్రా పనీ పోతుంటే అది ఓసీడీ (వద్దనుకున్నా వచ్చే ఆలోచనలూ, ఆపుకోలేని తంతులూ ఉండే జబ్బు) కావచ్చు. అప్పుడు నోటుబుక్కు చాలదు, సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవాలి. పైన చెప్పిన పద్ధతినే వాళ్ళు పక్కనుండి చేయిస్తారు, అవసరమైతే మందులిస్తారు. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ మానస్ నంబరు 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు.

గోధూళి:
గ్రహణం గురించి ఒక ముక్క. కడుపుతో ఉన్నావిడ గ్రహణంలో బయటికొస్తే బిడ్డకి మొర్రి వస్తుందన్న భయం చదువుకున్న ఇళ్ళలో కూడా గట్టిగానే ఉంది. బిడ్డ పై పెదవి కడుపులో దాదాపు 7వ వారానికే అతుక్కుపోతుంది, అంగిలి మరికొన్ని వారాలకి. అయిదో నెలలో గ్రహణం వస్తే అప్పటికే అతుక్కున్న పెదవి మళ్ళీ చీలదు కదా. వంశంలో ఉన్న జన్యువులూ, కొన్ని మందులూ, పొగతాగడం లాంటివీ అసలు కారణాల్లో ఉన్నాయి. విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్ళు గ్రహణం వేళ గర్భిణులను కూడా బయటికి రమ్మని పిలిచింది ఈ భయం మీదే. సూర్యగ్రహణంలో నిజమైన ప్రమాదం ఒక్కటే, సరైన కళ్ళద్దాలు లేకుండా సూర్యుణ్ణి చూడటం. ఎక్స్‌రే ఫిల్ము, నల్ల కళ్ళజోడు పనికిరావు. చంద్రగ్రహణాన్ని ఎంతసేపైనా చూడొచ్చు, కాబట్టి అభ్యాసానికి అదే నయం.

నరకం సంగతి: భాగవతం పంచమ స్కంధంలో ఇరవై ఎనిమిది నరకాలున్నాయి, నూనెలో వేయించే కుంభీపాకంతో సహా. గరుడ పురాణం చాలా ఇళ్ళలో చదివించేది మనిషి పోయిన పది పదమూడు రోజుల్లో, దుఃఖం పచ్చిగా ఉన్నప్పుడు. వైతరణి దాటించడానికి గోదానం అడిగేదీ అప్పుడే. ఆ వేళకి పక్కన కూర్చున్న పిల్లాడికి తాత పోయిన బాధా, సలసల కాగే నూనె బొమ్మా కలిసి ముద్రపడిపోతాయి. అర్ధరాత్రి భయానికి ఒక ప్రశ్న పనికొస్తుంది: మీరు భయపడని నరకం ఏది? కుంభీపాకానికి వణికేవాళ్ళకి చర్చిలో చెప్పే అగ్నిగుండం తలపుకే రాదు. చర్చిలో పెరిగినవాళ్ళకి వైతరణి అంటే నవ్వు. ఎవరు ఏ నరకానికి భయపడతారన్నది ఏ ఇంట్లో పుట్టారన్నదాన్ని బట్టే ఉంటుంది. ప్రశ్నతో భయం ఆ రాత్రికి సర్దుకుంటుందంతే. పోవాలంటే నిదానం గారు చెప్పిన నోటుబుక్కే.

పలక బలపం:
పిల్లల విషయానికి. ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలు తప్పు చేస్తే ప్రపంచమే శిక్షిస్తుందని వాళ్ళంతట వాళ్ళే అనుకుంటారు. దొంగిలించిన పిల్లాడు వంతెన విరిగి పడ్డాడని చెబితే, దొంగిలించాడు కాబట్టే విరిగిందంటారు. పిల్లల ఆలోచనా తీరుని పరిశోధించిన మనస్తత్వవేత్త పియాజే 1932లోనే దీన్ని వివరంగా రాశాడు. 'కళ్ళు పోతాయి' అన్న మాట సరిగ్గా ఆ వయసులో పడుతుంది కాబట్టే అంత లోతుకి దిగుతుంది.

నాయనమ్మ నోరు మూయించాలని చూడకండి, జరగదు. కథలు ఆవిడవి, వాటిని ఉండనివ్వండి. బెదిరింపు ఒక్కటీ తీసేయమని అడగండి, అదీ పిల్ల లేనప్పుడు: 'అత్తయ్యా, రాత్రి పక్క తడుపుతోంది, కళ్ళు పోతాయన్న మాట ఒక్కటి మానేయండి, ప్రహ్లాదుడి కథ మీ ఇష్టం.' దేవుడున్నాడా లేడా అన్న చర్చ అక్కడ పెట్టారో, పని చెడింది. ఆవిడ కొడుకే అడిగితే ఇంకా మంచిది.

పిల్లతో 'అదంతా అబద్ధం' అంటే నాయనమ్మ అబద్ధాలకోరు అయిపోతుంది. 'నాయనమ్మ అలా నమ్ముతుంది. నేను నమ్మను. నువ్వు పెద్దయ్యాక చూసుకో. కళ్ళు మాత్రం పోవు, అది ఖాయం' అంటే సరిపోతుంది. చివరి మాటలో సందు ఉండకూడదు. నాలుగేళ్ళ పిల్లకి 'దేవుడు లేడు, నాన్న చెప్పాడు' అని నూరిపోయడం కూడా అదే దుకాణం, బోర్డు మారిందంతే.

చేతికి పని ఇవ్వండి. దిష్టి తీసే ఎర్రనీళ్ళంటే చాలామంది పిల్లలకి బెరుకు. గ్లాసు నీళ్ళలో పావు చెంచా పసుపు కలపమనండి. గోరంత సున్నం మీరు వేయండి, కంట్లో పడితే మండుతుంది కాబట్టి పిల్ల చేతికివ్వొద్దు. నీళ్ళు ఎర్రబడతాయి. ఇప్పుడు నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపు రంగు. పసుపు క్షారంలో ఎరుపు, ఆమ్లంలో పసుపు. రంగు తిరగకపోతే సున్నం ఎక్కువైనట్టు, ఇంకాస్త పిండండి. 1995 సెప్టెంబర్ 21న దేశమంతా వినాయకుడికి పాలు తాగించింది కదా, అదీ ఇంట్లో చూపించొచ్చు. పాలలో కాస్త కుంకుమ కలిపి, తడి విగ్రహం తొండానికి నిండు చెంచా ఆనించి కొంచెం వంచండి. తలతన్యత వల్ల పాలు లాగబడి సన్నటి పొరలా బొజ్జ మీదుగా జారతాయి. తెల్లపాలు కంటపడలేదు, ఎర్రపాలు పడతాయి. దేవుడిగదిలో విగ్రహంతో వద్దు, బజార్లో దొరికే రాతి బొమ్మ చాలు.

శ్రీపాదరేణువు:
నేను ఆస్తికుణ్ణి. భక్తికీ భయానికీ తేడా తెలియని పెద్దల తప్పుని దేవుడి మీద వేస్తున్నారు. భయం లేకపోతే పిల్లలు మాట వింటారా?

పలక బలపం:
ఆ తేడా ఒప్పుకుంటే మన మధ్య తగువు సగం తీరినట్టే, బెదిరింపు తీసేయమనే ఇక్కడ అందరూ అంటున్నది. మాట వినడం గురించి: కళ్ళు పోతాయని చెప్పిన పిల్ల ఒకరోజు అబద్ధమాడుతుంది, కళ్ళు పోవు. తర్వాత మీ మాటకి విలువ ఉండదు. 'అబద్ధమాడితే ఈసారి నిజం చెప్పినా నమ్మలేను' అన్నది నిజంగా జరిగే సంగతి, అది పనిచేస్తుంది.

వాయిదా:
బడి సంగతి. రాజ్యాంగంలోని 28(1) అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదు. ప్రైవేటు బడులకి 28(3) ఉంది: ప్రభుత్వ గుర్తింపు గానీ ఎయిడ్ గానీ ఉంటే, మైనరు పిల్లల్ని సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకీ ఆరాధనకీ కూర్చోబెట్టకూడదు. 'మాది ప్రైవేటు' అన్న జవాబు ఇక్కడ చెల్లదు, గుర్తింపు ఉంటే చాలు.

ఉత్తరం నాలుగు వాక్యాలు చాలు. పిల్ల పేరు, తరగతి, మతబోధలోనూ ఆరాధనలోనూ పాల్గొనడానికి సంరక్షకుడిగా సమ్మతి ఇవ్వడం లేదని, అధికరణం 28(3), ఆ సమయంలో లైబ్రరీలో కూర్చోనివ్వమని. రెండు ప్రతులు తీసుకెళ్ళి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ప్రార్థన మొత్తం ఆపేయమని అడిగితే యాజమాన్యం భీష్మించుకుంటుంది, మీ పిల్ల వరకే అడగండి. ముందు పిల్లని అడగండి, అందరిలో ఒక్కతే వేరుగా కూర్చోవడం తనకి ఇష్టం లేకపోతే ఉత్తరం ఆపేయండి. తెలుగు వాచకంలో భాగవత పద్యం ఉందని ఫిర్యాదు చేస్తే నిలవదు. మతాల గురించి చెప్పడం వేరు, మతబోధ వేరు అని సుప్రీంకోర్టు 2002లో తేల్చింది.

జనన ధ్రువపత్రం అప్లికేషన్‌లో మతం గడి ఖాళీగా వదలాలనుకునేవాళ్ళకి: 'మతం లేదు, కులం లేదు' అన్న కాలమ్ పెట్టమని తెలంగాణ హైకోర్టు 2023లో చెప్పింది. కౌంటర్లో కాదంటే తీర్పు నకలు చూపించండి. కులం మీద రిజర్వేషన్ వాడుకోవాల్సిన ఇళ్ళు మాత్రం ఆ గడి వదిలేముందు రెండుసార్లు ఆలోచించండి, తర్వాత కుల ధ్రువపత్రం కోసం తిరగాల్సి వస్తుంది.