సెనేట్‌లో 67 ఓట్లు రావని తెలిసీ అభిశంసనకు దిగితే లాభమా, నష్టమా?

అమెరికా రాజకీయాలు దగ్గరగా గమనించేవాళ్లు కాస్త చెప్పండి. అధ్యక్షుణ్ణి అభిశంసించడానికి, అంటే అధికారికంగా అభియోగం మోపడానికి, ప్రతినిధుల సభలో మామూలు మెజారిటీ చాలు. పదవి నుంచి దించాలంటే మాత్రం సెనేట్‌లో హాజరైనవాళ్లలో మూడింట రెండొంతులు కావాలి. వందమందీ వస్తే 67. ఇంతవరకూ ఏ అధ్యక్షుడూ అలా దిగిపోలేదు. 1868లో ఆండ్రూ జాన్సన్ ఒక్క ఓటుతో గట్టెక్కాడు.

అభిశంసనకు దిగిన పార్టీకే ఎదురుదెబ్బ అనగానే అందరూ రిపబ్లికన్లు అధ్యక్షుడు క్లింటన్‌ను అభిశంసించిన ఉదాహరణే ఎత్తుతారు. 1998 నవంబరు ఎన్నికల్లో రిపబ్లికన్లకు 5 సీట్లు తగ్గాయి, స్పీకర్ గింగ్రిచ్ తప్పుకున్నాడు. కానీ అభిశంసన ఓటు పడింది ఆ తర్వాత, డిసెంబరు 19న. పైగా 2000లో వైట్‌హౌస్ వాళ్లకే దక్కింది. కాబట్టి ఆ వాదన సగమే నిజం.

అసలు తికమక ప్రైమరీల దగ్గర, అంటే అసలు ఎన్నికకు ముందు అభ్యర్థులను తేల్చే ఓటింగ్ దగ్గర. 2021లో ట్రంప్ అభిశంసనకు ఓటేసిన 10 మంది రిపబ్లికన్లలో నలుగురు మళ్లీ పోటీ చేయలేదు, నలుగురు ప్రైమరీల్లో ఓడారు. నిలిచిన ఇద్దరిదీ పార్టీతో పనిలేకుండా మొదటి ఇద్దరు ముందుకెళ్లే పద్ధతి ఉన్న వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు. మరి అదే వాషింగ్టన్‌లో ఆ పదిమందిలో ఒకరైన హెరెరా బ్యూట్లర్ ఎందుకు ఓడింది? నిలిచిన ఆ ఇద్దరినీ పద్ధతి కాపాడిందా, నియోజకవర్గమా?

ఇంకొకటి. మెజారిటీ నాలుగైదు సీట్లే ఉన్నప్పుడు, గట్టిపోటీ స్థానాల సభ్యులను ఇరుకున పెట్టకుండా విచారణ దగ్గరే ఆపి, అధికారంపై ప్రభావం లేని మందలింపు తీర్మానంతో సరిపెడితే సొంత ఓటర్లు ఊరుకుంటారా?